ముప్ఫై పాయింటు రెండు దగ్గర ఎడమకు

దారి కొలిచేవాళ్ళకి తొక్కడం కంటే దిగడం ఎక్కువ. మలుపు వచ్చిందా, దిగాలి. హ్యాండిలు మీది మీటరు చూడాలి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవాలి, మళ్ళీ ఎక్కాలి. పట్టుమని పది నిమిషాలు తొక్కేలోగా అడవిలోంచి ఇంకో బాట వచ్చి కలుస్తుంది. మళ్ళీ దిగాలి. రెండు సరస్సులనీ చుట్టి వచ్చే మూడో దారిలో అలా నలభై ఒక్కసార్లు దిగి ఎక్కితే, ఇంటికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

కొండల మధ్య, సరస్సు ఒడ్డున ఉన్న ఆ బసకి జనం వచ్చేదే కంకర దారుల మీద సైకిలు తొక్కడానికి. తారు రోడ్డు బస గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆపైన అంతా కలప లారీల కోసం ఎప్పుడో పరిచిన కంకర. అడవిలో ఫోను పలకదు. అందుకని బసవాళ్ళు ప్రతివాళ్ళకీ ఒక దారి కాగితం ఇస్తారు. గేటు దగ్గర మీటరు సున్నా చేసుకుని బయల్దేరితే, ఎన్నో కిలోమీటరు దగ్గర ఎటు తిరగాలో అందులో వరసగా ఉంటుంది. వానలకి గట్లు తెగిపోతాయి, లారీలు కొత్త బాటలు తొక్కుతాయి కాబట్టి ఏటా వానలు వెలిశాక దారులన్నీ మళ్ళీ కొలిచి కొత్త కాగితాలు వెయ్యాలి.

ఇప్పుడు ఆ దారులు కొలుస్తున్నది ఒకావిడ. ఇదివరకు ఆ పని ఆమె భర్త చేసేవాడు. బసలో సైకిలు మెకానిక్కు అతను. కిందటేడు జారిపడి మోకాలి చిప్ప పగిలాక, ఇక ఎత్తులు ఎక్కద్దన్నాడు డాక్టరు. కొలిచే పని వేరేవాళ్ళకి పోతే తాముంటున్న రెండు గదుల క్వార్టరు కూడా వాళ్ళకే పోతుంది. అందుకని ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళి, "నేను కొలుస్తానండీ" అంది. అప్పటికి పిల్ల పుట్టి ఏడు నెలలు. ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. మేనేజరు ఎగాదిగా చూసి, "అంకెలు వచ్చుగా?" అన్నాడు.

వచ్చు. వచ్చినా రాసిన ప్రతి అంకెనీ నాలుగుసార్లు చూసుకుంటుంది. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దూరం పోయి వెనక్కి వచ్చే మనిషి. పిల్ల నిద్రలో ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషి. అత్తగారు కంగారమ్మ అని పేరు పెట్టింది. బసలో అందరికీ అదే అలవాటైపోయింది.

ఈ ఏడు మూడు దారులూ ఆమే కొలిచింది. మేనేజరు కాగితాలని రంగుల్లో అచ్చు వేయించాడు. వేయించేముందు, ఫలానా బాటలోకి వెళ్ళద్దు అని ఆమె రాసినవన్నీ కొట్టేశాడు.

"పద్ధెనిమిది వద్దులు రాశావమ్మా! ఇది చదివినవాడు సైకిలెక్కుతాడా, ఇంటికి పోయి దుప్పటి ముసుగేసుకుంటాడా? తిరగాల్సిన చోట్లు చెప్తే చాలు. తిరక్కూడని చోట్లు ఎవడిక్కావాలి?"

మూడో దారికి ఆ పొద్దున్న తొలి గిరాకీ తగిలింది. రైల్లో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయనా, నర్సుగా చేసి రిటైరైన ఆయన భార్యా. పిల్లకి దవడ పళ్ళు వస్తుండటంతో ఆమెకి రాత్రంతా కునుకు లేదు. ఒళ్ళు ఎవరో పిండి ఆరేసినట్టుంది. మండుతున్న కళ్ళతోనే గేటు దగ్గర నిలబడి వాళ్ళకి కాగితం ఇచ్చింది.

గార్డుగారు కళ్ళజోడు సర్దుకుని మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివారు.

"ఇదంతా కచ్చితమేనా?"

"నాలుగుసార్లు చూసుకున్నానండీ."

"అయితే ఇంక మాట్లాడేది లేదు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు. కాగితంలో ఏముంటే అదే చేశాను. నా బండి ఒక్కటంటే ఒక్కటి దారి తప్పలేదు."

"పట్టాల మీద పోయేది దారెట్లా తప్పుతుందిలెండి," అంది నర్సమ్మ. "కదలండి, ఎండెక్కుతోంది."

ఎనిమిదయింది వాళ్ళు వెళ్ళేసరికి. పదింటికి ఆమె పిల్లని చంకనేసుకుని, భర్తకి టీ తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. అతను ఆమె సైకిలునే తలకిందులుగా నిలబెట్టి గొలుసుకి నూనె పెడుతున్నాడు.

"ఇప్పుడు చేతులు లాగడం తగ్గిందా?"

"ఎందుకు తగ్గుతుందీ?"

"టైర్లు మార్చాగా. నువ్వు మూడో దారికి వెళ్ళే ముందు రోజు. సన్న టైర్లతో కంకర మీద పోయి మణికట్లు వాచిపోయి వస్తున్నావని లావువి వేశా. నువ్వే కనిపెడతావేమో చూద్దామని చెప్పలేదు." అతని మొహం వెలిగిపోతోంది.

ఆమె కనిపెట్టలేదు. ఆ రోజు ఎందుకో హాయిగా ఉందనుకుంది గానీ, ఆ ఎందుకో ఏమిటో ఆలోచించే ఓపిక లేకపోయింది. ఇప్పుడు ఆ లావు టైరు వంక చూస్తూ ఉండిపోయింది.

"మరి మీటరు?"

"మీటరుకేం?"

"మీటరుకి దారి తెలీదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదే తెలుసు అని మీరేగా చెప్పారు. చుట్టుకి ఇంత అని సన్న టైరుకి పెట్టి ఉంది కదండీ అది. లావు టైరు ఒక్క చుట్టుకి ఇంకొంచెం ఎక్కువ పోతుంది. ఆ ఎక్కువ ఎవరు లెక్కపెట్టినట్టు?"

అతని చేతిలోని నూనె డబ్బా కిందికి వంగి, వంగినట్టే ఉండిపోయింది. నూనె అతని చెప్పు మీద కారుతోంది.

ఆమెకి చెక్క వంతెన గుర్తుకొచ్చింది. రెండో దారికీ మూడో దారికీ అదే వంతెన. రెండో దారి కొలిచినప్పుడు అక్కడ ఏడు పాయింటు నాలుగు అని రాసింది. మూడో దారికి వెళ్ళినప్పుడు అదే వంతెన మీద మీటరు ఏడు పాయింటు రెండు చూపించింది. చూసింది. చూసి, మొదటిసారి తనే తప్పు చదివి ఉంటాననుకుంది. మీటరు తప్పు చెప్పడమేమిటి, తప్పుంటే తనలోనే ఉంటుంది. రెండో దారి కాగితం అప్పటికే అచ్చుకి వెళ్ళింది. ఇప్పుడు చెబితే అంకెలు రావని తేల్చేస్తారని నోరు మూసుకుంది. గ్యాసు కోసం వెనక్కి వచ్చే మనిషి, దీనికోసం మాత్రం వెనక్కి రాలేదు.

ఏడు కిలోమీటర్లకి రెండు వందల మీటర్ల తేడా. ముప్ఫైకి? నాలుగేడులు ఇరవై ఎనిమిది. నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిది వందల మీటర్లు.

గిరాకీల సైకిళ్ళు మొదట్నించీ లావు టైర్లవే, వాటి మీటర్లు సరిగ్గానే ఉన్నాయి. కాగితంలో 'ముప్ఫై పాయింటు రెండు దగ్గర ఎడమకు' అని ఉంది. నిజంగా తిరగాల్సిన మలుపు ముప్ఫై ఒకటి దగ్గరుంది. ముప్ఫై పాయింటు రెండు దగ్గర ఎడమకి ఉన్నది పాత రాళ్ళ క్వారీ బాట. మేనేజరు కొట్టేసిన వద్దుల్లో అదీ ఒకటి. నిట్టనిలువు దిగుడు, కాలు పెడితే జారే గుల్ల కంకర, ఆ చివర నీళ్ళు నిండిన గుంట. గుంటకి గట్టు లేదు. అడ్డంగా ఉండే గొలుసుని లారీలవాళ్ళు ఎప్పుడో ఊడబీకారు.

పరుగున ఆఫీసుకి వెళ్ళి మేనేజరుకి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"జీపు స్టేషనుకి వెళ్ళింది. పన్నెండింటిదాకా రాదు. అయినా ఎనిమిది వందల మీటర్లకి ఇంత గోలేమిటి? వాళ్ళకి కళ్ళు లేవా? గుంట కనబడితే ఆగరా?"

"ఆ దిగుడులో ఆగుదామన్నా ఆగలేరండీ. పైగా ఆయన కాగితంలో ఏముంటే అదే చేస్తానన్నారు."

"చూడమ్మా." మేనేజరు గొంతు తగ్గించాడు. "ఊరికే కంగారుపడి నీ నోటితో నువ్వే తప్పు రాశానని చాటుకుంటే, ఈ పని ఎవరికివ్వాలో నేను మళ్ళీ ఆలోచించుకోవాలి. ఆ క్వార్టరు సంగతి కూడా. సాయంత్రం దాకా చూద్దాం. వాళ్ళే వస్తారు."

ఆమె కాసేపు ఆయన బల్ల మీది రంగుల కాగితాల దొంతర వంక చూసింది. తర్వాత, "నేను వెళ్తున్నానండీ," అని బయటికి వచ్చేసింది.

క్వార్టరు గుమ్మంలో అత్తగారు బట్టలు మడతపెడుతోంది. "పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే మళ్ళీ ఏ అడవులు పట్టిపోతావే?"

"అత్తయ్యా, నేను తప్పు రాశాను. ఇద్దరు పెద్దవాళ్ళు క్వారీ గుంట వైపు పోతున్నారు."

అత్తగారు మడత వదిలేసి చేతులు చాపింది. "ఇటు తే. బిస్కట్టు నానబెట్టి పెడతాలే. దిగుళ్ళలో బ్రేకులు పట్టుకు చావు, ఆదరాబాదరా పడకు. నాకు ఒక మోకాలు చాలు ఇంట్లో."

భర్త అప్పటికే సైకిలు తిప్పి నిలబెట్టి, చక్రాల్లో గాలి చూసి ఉంచాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు.

గార్డుగారి దారి సరస్సుల్ని చుట్టుకుని పోతుంది గానీ, కొండకి అడ్డంగా పడితే క్వారీ బాట మొదలు తొమ్మిది కిలోమీటర్లే. అందులో అయిదు ఎక్కుడు. మొదటి కిలోమీటరు తొక్కింది. రెండో దాంట్లో సగం తొక్కి దిగి నెట్టింది. కంకర కింద నుంచి వేడి కొడుతోంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. ఎవరి కాళ్ళో అరువు తెచ్చుకుని, వాటిని బతిమాలుకుంటూ పోతున్నట్టుంది. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. పిల్ల ఏడుస్తూ ఉంటుంది. అత్తయ్య బిస్కట్టు మరీ పెద్ద ముక్క పెడుతుందేమో. పెద్ద ముక్క గొంతుకి అడ్డం పడితే? ఆవిడ ముగ్గురిని పెంచింది, తెలీదా? తెలుసు. అయినా.

ఒకచోట దుంగ కనిపించింది. ఎండలోనే అయినా, దాని మీద తల వాల్చి ఒక్క పది నిమిషాలు పడుకోవాలనిపించింది. ఇంత భయంలోనూ నిద్ర వస్తుందా మనిషికి? వస్తుంది. ఆ నిద్ర మీద ఆమెకే కోపం వచ్చింది. కోపంతో ఇంకో కిలోమీటరు నెట్టింది.

శిఖరం దాటాక దిగుడు. ఎడమ పక్కన, కింద చెట్ల సందుల్లోంచి రెండో సరస్సు కనబడుతూ, మాయమవుతూ వచ్చింది. దాని వంక చూడలేదు. బ్రేకులు పట్టుకునే ఉంది.

క్వారీ బాట మొదట్లో దిగి, వంగి చూసింది. ఇసక తేలిన చోట టైరు జాడలు. లావువి. ఒకటి తిన్నగా ఎడమకి తిరిగింది. రెండోది కాస్త ముందుకు పోయి, ఆగి, కాళ్ళు కింద ఆనించిన గుర్తులు పెట్టి, వెనక్కి వచ్చి మొదటిదాని వెంట దిగింది.

"గార్డుగారూ!" అని కేకేసింది. సైకిలు అక్కడే పడేసి పరిగెత్తబోయి, ఆగి, అడ్డంగా అడుగులు వేస్తూ దిగింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే రాళ్ళు గలగలమంటూ ఆమెకంటే ముందు కిందకి పోతున్నాయి. రెండో వంపులో కంకర మీద పొడుగ్గా చీరుకుపోయిన గీత కనబడింది. మూడో వంపు తిరిగేసరికి మాటలు వినిపించాయి.

"నేను చెప్తూనే ఉన్నాను. ఇది దారి మొహంలా ఉందా? ఇంకొంచెం ముందుకెళ్ళి చూద్దామంటే వింటేగా!"

"నువ్వు వెనకనుంచి ఆ సోది పెట్టబట్టే బ్రేకు తప్పింది."

"ఆహా. నా నోరు మీ బ్రేకుకేం అడ్డమొచ్చిందో!"

పోట్లాడుకుంటున్నారు. అంటే బతికే ఉన్నారు. ఆమె చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. తర్వాత అక్కడే రాళ్ళ మీద కూర్చుండిపోయింది.

గార్డుగారు బాట పక్కన తుప్పకి ఆనుకుని ఉన్నారు. ప్యాంటు మోకాలు దగ్గర చిరిగి రక్తం. ఎడమ మణికట్టుకి నర్సమ్మ తన మెడగుడ్డ చింపి కట్టు కట్టింది. ఆయన సైకిలు ముందు చక్రం ఎనిమిది అంకెలా వంకరపోయింది. వాళ్ళకి కింద ముప్ఫై అడుగుల్లో బాట ఆగిపోయింది. అవతల ఆకుపచ్చటి నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

"అమ్మాయ్, నువ్వా!" అంది నర్సమ్మ. "చూశావా ఈయన నిర్వాకం? కాగితం సరిగ్గా చదవడం చేతకాక..."

"సరిగ్గానే చదివాను!" గార్డుగారు కాగితం పైకెత్తి చూపించారు. "పొద్దుట్నించీ ఒక్క మలుపూ టైముకి రాలేదమ్మా. వంతెన లేటు. ఆ తర్వాత చీలిక ఇంకా లేటు. అన్నీ లేటే. ఇదొక్కటే, ముప్ఫై పాయింటు రెండు అంటే ముప్ఫై పాయింటు రెండుకి ఠంచనుగా వచ్చింది. టైముకొచ్చిన బండిని వదులుకుంటామా?"

"ఆ బండి ఎక్కే కదా ఇట్లా పడ్డారు."

"నువ్వు గొణక్కపోతే పడేవాణ్ణి కాదంటున్నాగా."

ఊరుకుంటే సరిపోయేది. వాళ్ళ తగువు వాళ్ళది. జీపు వచ్చేదాకా ఓదారుస్తూ కూర్చుంటే, ఇంటికి పోయేసరికి తప్పు నర్సమ్మ గొణుగుడు కింద జమ అయిపోయేది. ఆమెకి క్వార్టరు గుర్తొచ్చింది. రెండు గదులు, కిటికీ పక్కన ఉయ్యాల. నీళ్ళ వంక చూసింది.

"ఆవిడ తప్పేం లేదండీ," అంది. "మీ తప్పూ లేదు. కాగితమే తప్పు. దాన్ని రాసింది నేను. నా సైకిలుకి టైరు మారింది, మీటరు మారలేదు. వంతెన దగ్గర తేడా నా కంటబడింది కూడా. కంటబడినా, చెబితే పని పోతుందని ఊరుకున్నాను."

చెప్పేసరికి ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక ఉండాలి.

నర్సమ్మ భర్త వైపు తిరిగింది. "విన్నారా? నా తప్పేం లేదుట. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఈ ముక్క వినడానికి నేను ఇంత లోయలోకి దిగాల్సొచ్చింది."

ఆయన నవ్వలేదు. కిందికి, నీళ్ళ వైపు చూశారు. చాలాసేపు చూశారు. "నేను పడకపోతే తిన్నగా అందులోకే," అన్నారు మెల్లిగా. తర్వాత, "బసలో ఫిర్యాదుల పుస్తకం ఉందా?" అన్నారు.

"ఉందండీ."

"రిపోర్టు రాయక తప్పదమ్మా. నాకేం కోపం లేదు. జరిగింది జరిగినట్టు రాయాలి."

"రాయండి."

పైకి ఎక్కడానికి గంట పట్టింది. ఆమె వంకర సైకిలుని భుజానికెత్తుకుంది. నాలుగడుగులకోసారి ఆగింది. నర్సమ్మ భర్త నడుం పట్టుకుని నడిపిస్తూ, తన సైకిలు రెండో చేత్తో ఈడుస్తూ, "ఇదే రాత్రి డ్యూటీ అయితే ఈపాటికి టీ అయినా దొరికేది," అని గొణిగింది. గార్డుగారు ఆ గొణుగుడి వెంటే ఒక్కో అడుగూ వేశారు.

రోడ్డు మీదికి వచ్చిన కాసేపటికి జీపు వచ్చింది. స్టేషను నుంచి అది గేట్లోకి రాగానే, కొత్తగా వచ్చినవాళ్ళ పెట్టెలు దింపకుండానే ఆమె భర్త దాన్ని ఇటు మళ్ళించాడట. డ్రైవరు చెప్పాడు.

బసలో గార్డుగారు మోకాలికి కట్టు కట్టించుకోకముందే పుస్తకం అడిగారు. కుడిచేత్తో పేజీన్నర రాశారు. ఆయన రాస్తున్నంతసేపూ మేనేజరు గది బయటే పచార్లు చేశాడు. ఆమె పిల్లకి పాలిస్తూ క్వార్టరు గుమ్మంలో కూర్చుంది. పిల్ల రెండు చేతులతో రవిక పట్టుకుని, మళ్ళీ ఎక్కడికైనా పోతుందేమోనన్నట్టు ఒక కన్ను తెరిచే తాగింది.

సాయంత్రం మేనేజరు వచ్చాడు. పుస్తకం చంకలో ఉంది. గుమ్మం దాకా వచ్చి, ఎక్కడ చూడాలో తెలియక ఉయ్యాల వంక చూశాడు.

"నీ తప్పు రాశాడు," అన్నాడు. "నేను కొట్టేసిన పద్ధెనిమిది వద్దుల సంగతీ రాశాడు. ఆయనకెవరు చెప్పారో!"

"అడిగారు. చెప్పాను."

"ఊఁ." పుస్తకం రెండో చంకలోకి మార్చుకున్నాడు. "ఇది పై ఆఫీసుకి పోతుంది. వాళ్ళు ఏమంటారో నాకు తెలీదు. ఒకవేళ వాళ్ళు ఇంకొకళ్ళని పెట్టమంటే నేనేం చెయ్యలేను, ముందే చెప్తున్నా. ఈలోగా మూడో దారి మూసేశాను. మూడు రోజుల్లో మళ్ళీ కొలిచివ్వు. వద్దులతో సహా."

మళ్ళీ నలభై ఒక్కసార్లు. దిగడం, ఎక్కడం. ఆమె తల గుమ్మానికి ఆనించి, "సరేనండీ," అంది.

మేనేజరు వెళ్ళాక భర్త వచ్చి కింది మెట్టు మీద, పాడైన కాలు చాపుకుని కూర్చున్నాడు.

"టైరు నేను మార్చానని ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు."

"నేను వెళ్ళి చెప్తాను."

"చెప్పండి. ఎవరు చెప్పినా మళ్ళీ తొక్కాల్సింది నేనే." కసురుకున్నట్టు వచ్చింది మాట. తర్వాత, "మణికట్లు మాత్రం నొప్పెట్టలేదు ఆ రోజు," అంది.

అతను తల వంచుకుని చేతుల నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు. "రాత్రికి మీటరు సరిచేసి పెడతాలే. నువ్వు పడుకో."

పడుకోవాలనే ఉంది. పొద్దుట్నించీ ఉన్న కోరిక అదొక్కటే. కానీ లేచి పిల్లని చంకనేసుకుంది. "మీరు సరిచేసి పెడితే నాకెట్లా తెలుస్తుంది? చక్రం ఎట్లా కొలుస్తారో చూపించండి. ఇప్పుడే."

షెడ్డులో గచ్చు మీద అతను సుద్దముక్కతో గీత గీశాడు. టైరు మీద ఇంకో గీత. రెండూ కలిసేలా సైకిలు నిలబెట్టి, ఆమెని ఎక్కి కూర్చోమన్నాడు. బరువు పడితేనే టైరు అసలు రూపుకి వస్తుందిట. ఆ సంగతి ఆమెకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. అతను మెల్లిగా నెట్టాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగి, టైరు మీది గీత మళ్ళీ నేలకి తగిలింది. అక్కడ గచ్చు మీద ఇంకో గీత. అత్తగారు పిల్లని ఎత్తుకుని, టేపు కొస మడమ కింద తొక్కిపట్టి, "ముసలితనంలో ఈ ఉద్యోగం కూడానా నాకు!" అంది.

ఆమె దిగి, వంగి టేపు చదివింది. రెండు వందల ఇరవై నాలుగు సెంటీమీటర్లు.

"ఇంకోసారి," అంది.

రెండోసారీ అంతే వచ్చింది. చిన్న పుస్తకంలో రాసుకుంది. మూడోసారీ అంతే. అతను మోకాలు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అత్తగారు టేపు మీంచి కాలు తీయబోయింది.

"ఉండండి అత్తయ్యా," అంటూ ఆమె మళ్ళీ సైకిలెక్కింది.